మిద్దెకో గుడ్డ

ఎండకు ఇంకా పందొమ్మిది రోజులు. బావి నీరు పద్నాలుగు అడుగులు.

ఈ పుస్తకంలో రోజూ బావి నీటిమట్టం ఒక్కటే రాయాలని రూలు. ఒక్క అంకెకు ఇంత పెద్ద కాగితం ఇచ్చినవాళ్లది తప్పు, మిగతా జాగా నింపుతున్న నాది కాదు. నా పేరు సలోమి. నలభై ఆరేళ్లు. మూడో మిట్ట మీద పంపు చూసుకునే మనిషిని. ఇంతకు మించి చెప్పుకోదగ్గ గొప్పలు లేవు.

పొద్దున దొండకాయలు కోశాను. నా మడిలో రెండు తట్టలు, కోటమ్మ పెద్దమ్మ మడిలో మూడు. ఆవిడ పట్నం వెళ్లిపోయి రెండేళ్లయినా ఆ మడికి పొగరు తగ్గలేదు. మిగతా అయిదు మడుల్లో వంకాయ, కాకర, గోరుచిక్కుడు, మిరప విరగకాసి ఉన్నాయి. ఏడిళ్ల కాపు, తినే నోరు ఒకటి. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ నా చేయి పట్టుకుని "మా మడి చూసుకో సలోమీ, వచ్చేస్తాంగా" అన్నారు. నేను ఊఁ అన్నాను. ఊఁ అనడానికేం, ఎవరైనా అంటారు.

పుదీనా, కరివేపాకు, మెంతికూర ఇవాళ నీడలో పరిచాను. ఆకులకు ఎండతో పని లేదు, గాలి ఆడితే చాలు. ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. కాయముక్కలు అలా కాదు, వాటికి ఎండే కావాలి. ఎండేమో మా మిట్టకు ఏడాదికి మూడు రోజులే వస్తుంది.

నా చిన్నప్పుడు ఎండకు మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే ఆకాశానికి తెర కట్టారు. ముప్పై ఒక్క ఏళ్లుగా మా నెత్తిన బూడిదరంగు వెలుగే. ఏడాదికి మూడు రోజులు మా మీద ఆ తెరకు చిల్లు పెడతారు. ఆ మూడు రోజుల్లో ఒరుగులన్నీ ఎండిపోవాలి. తర్వాత వచ్చేవి చీకటి నెలలు, అయిదు. తెర రెండు పొరలవుతుంది, మడిలో గడ్డి కూడా మొలవదు, కింద నుంచి ఇనప తీగ మీద జారుతూ వచ్చే రేషన్ పెట్టె కూడా రాదు. ఎండబెట్టుకున్నదే తిండి.

ఎండకు ఇంకా పదహారు రోజులు. నీరు పద్నాలుగు.

పొద్దున్నే రేడియోలో పెంచలయ్య అన్న పలికాడు. లోయకు అవతల నాలుగో మిట్ట ఆయనది. నాలుగేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్నాం, మొహాలు మాత్రం చూసుకోలేదు. నడిస్తే ఒక పూట దారి. ఎప్పుడూ ఆయనకు ఏదో పని, నాకూ ఏదో పని.

"సలోమమ్మా, మా ఇంట్లో యుద్ధం జరగతా ఉండాది. పెద్దకోడలు దొండకాయ చక్రాల్లాగ కొయ్యాలంటది. చిన్నకోడలు నిలువునా చీరాలంటది. మా ఆడమనిషి విసుక్కోని కత్తిపీటే దాచేసింది."

"చక్రాలే మంచిది అన్నా. నిలువుగా కోస్తే మధ్యలో పచ్చి ఉండిపోద్ది."

"ఆ మాట నేను చెప్తే చిన్నకోడలు నాకు అన్నం పెట్టదమ్మా! తొమ్మిదిమంది ఉండే కొంపలో మగోడి మాట చెల్లదు. మీ ఇరుగుపొరుగోళ్లు బాగుండారా?"

"అందరూ బాగున్నారన్నా."

ఇది అబద్ధం కాదు. పట్నంలో బాగానే ఉండి ఉంటారు. కోటమ్మ పెద్దమ్మకు పోయిన ఏడు ఆవిడ మడిలోని కాకర ఒరుగులు డబ్బాకెత్తి పంపితే, తిరుగు తీగ మీద డబ్బా వెనక్కొచ్చింది. మూత మీద చీటీ: "ఇక్కడ పొయ్యి లేదమ్మా. తిండి గొట్టంలో వస్తుంది. ఇక పంపకు. నువ్వే తిను." ఒక్కదాన్నీ ఎంతని తింటాను? ఈ తేమకు ఒరుగులు ఏడాదికి మించి ఉండవు. అందరి డబ్బాలూ పురుగు పట్టి ఎరువు గుంటలో పడ్డాయి. మళ్లీ మడులకు నీళ్లు పెట్టాను. పిచ్చిదాన్ని అనుకుంటే అనుకోండి.

ఆయనింట్లో ఆ గోల వింటే మాత్రం నాకు కడుపు నిండుతుంది. రేడియో కట్టేశాక ఈ మిట్ట మీద ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలుస్తుంది.

ఎండకు ఇంకా పన్నెండు రోజులు. నీరు పదమూడున్నర.

రేషన్ పెట్టె వచ్చింది. బియ్యం, నూనె, ఉప్పు. ఉప్పు కింద ఎండ ఆఫీసు నోటీసు. ఇకపై మూడో మిట్టకూ నాలుగో మిట్టకూ కలిపి ఒకే ఎండ అట. పోయిన ఏటి గుడ్డల లెక్క ప్రకారం మూడో మిట్టలో ఏడు కుటుంబాలు, నాలుగో మిట్టలో ఒక్కటే ఉన్నాయి కనుక, మూడు రోజుల ఎండా మూడో మిట్టకే ఇస్తున్నారట.

ముందు నవ్వొచ్చింది. ఏడు కుటుంబాలా? తర్వాత అర్థమైంది.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరి మడిలో కాసింది వాళ్ల మిద్దె మీదే ఎండాలి. పక్కింటి మిద్దె మీద ఎండిన ఒరుగులకు పురుగు తొందరగా పడుతుందని కోటమ్మ పెద్దమ్మ నాకు నూరిపోసింది. అందుకే వాళ్లు వెళ్లిపోయినా ఏడు మిద్దెలూ కడిగి, వాళ్లు వదిలిపోయిన పాత చీరలూ పంచెలూ పరిచి, ఎవరి ముక్కలు వాళ్ల మిద్దె మీద ఆరబోస్తున్నాను. ఎండరోజుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసు కన్ను అన్ని మిట్టల పైనుంచీ దాటుతూ గుడ్డలు లెక్కపెడుతుంది. మిద్దెకో గుడ్డ, గుడ్డకో కుటుంబం.

నేను ఎవరినీ మోసం చెయ్యలేదు. మాటిచ్చాను, ఎండబెట్టాను, అంతే.

ఎండకు ఇంకా పదకొండు రోజులు. నీరు చూడలేదు.

"ఇన్నావా సలోమమ్మా? మాకు ఎండ కోసేశారు." పెంచలయ్య అన్న గొంతులో ఎప్పటి హుషారు లేదు. "ఒక కుటుంబం అంట! మాది ఒకే పొయ్యి, ఒకే గుడ్డ. దాని మీద తొమ్మిది కడుపులు ఉండాయని ఆ కన్నుకు ఎట్ట తెలుస్తాది?"

"ఆఫీసుకు చెప్పండన్నా."

"చెప్పినాను. కన్ను చూసిందే లెక్క అంటా ఉండారు. కాయంతా కోతకొచ్చేసింది. ఎండకపోతే చీకటి నెలల్లో ఏం తినేది? అమ్మా, మీ మిద్దెల మీద ఒక మూల జాగా దొరకతాదా? నేనొకణ్ణే మోసుకోనొస్తా. ఎవురికీ అడ్డం రాను."

రమ్మనాలి. ఏడు మిద్దెలున్నాయి, మూల కాదు, మూడు మిద్దెలు ఇవ్వగలను. కానీ వస్తే చూస్తాడు. ఆరిళ్ల తలుపులకు బయట గొళ్లేలు, వాకిళ్లలో పిచ్చిగడ్డి. "అందరూ బాగున్నారన్నా" అని రెండేళ్లుగా చెప్పిన మనిషి ఒంటిగా నిలబడి ఉంటుంది.

"ఇక్కడ మిద్దెలన్నీ కిక్కిరిసిపోయినయ్యన్నా" అన్నాను.

"అవునులేమ్మా, ఏడిళ్లు గదా" అన్నాడు. ఆ మాటకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎండకు ఇంకా తొమ్మిది రోజులు. నీరు పదమూడు.

ఎండ లేకుండా ఎండబెట్టే దారి దొరికితే ఆయనకు చెప్దామని రెండు రోజులుగా పొయ్యి దగ్గరే ఉన్నాను. ఇనప జల్లెడ మీద వంకాయ ముక్కలు పరిచి సన్నటి సెగ పెట్టాను. పైన చర్మం పెళుసుగా విరుగుతోంది, లోపల వేలు దిగిపోతోంది. డబ్బాకెత్తితే వారానికే బూజు. సెగ పెంచితే పొగవాసన, కుక్కకు పెట్టినా తినదు. అసలు కుక్కే లేదనుకోండి.

ఉప్పులో ఊరవేస్తే? రేషన్ లెక్క వేరే ఆఫీసుది, అందులో నేనొక్కదాన్నే; నాకొచ్చే ఉప్పు ఒక మనిషిది. రెండు జాడీల మిరపకాయ తొక్కు పడుతుంది, అంతే. దాంతో నేనొక్కదాన్నీ అయిదు నెలలు ఎలాగో ఈదుతాను. తొమ్మిదిమంది ఈదలేరు. అందులో ముగ్గురు పసిపిల్లలున్నారని ఆయనే చెప్పాడు.

ఎండకు ఇంకా ఆరు రోజులు. నీరు పదమూడు.

ఆఫీసుకు రేడియో కలిపాను. ఎవరో కుర్రగుమాస్తా, అన్నం తింటూ మాట్లాడినట్టున్నాడు.

"ఒకవేళ బాబూ, ఒకవేళే... మిట్ట మీద గుడ్డలు తగ్గిపోతే ఏమవుద్ది?"

"ఈ ఏటి లెక్క నుంచి కొత్త రూలు మేడమ్, నాలుగు కన్నా తక్కువైతే జాబితా నుంచి తీసేస్తాం. మధ్యాహ్నం లెక్కలో తేలితే సాయంత్రానికల్లా చిల్లు పక్క మిట్ట మీదకి జరుపుతాం. అక్కడ నాలుగైనా ఉండాలనుకోండి."

"తీసేస్తే పంపు?"

"జాబితాలో లేని మిట్టకి పంపెందుకు మేడమ్? కాపలా మనిషిని కిందకి, పట్నానికి దించేస్తారు. మీది మూడో మిట్టే కదా? మీకు ఏడున్నాయి, భయపడకండి."

భయపడకండి అన్నాడు. నేనొక్కదాన్నే అని అప్పుడే చెప్పెయ్యచ్చు, ఒక్క మాట. "సరే బాబూ, తిను" అని కట్టేశాను.

పట్నంలో పొయ్యి లేదు, మడి లేదు. కోసుకోవడానికి ఒక రెమ్మ కరివేపాకు ఉండదు. ఈ మడుల్ని విడిచిపోతే నా చేతులకు పనేంటి? మాటిచ్చిన ఆరిళ్లవాళ్లూ ఎప్పుడైనా తిరిగొస్తే, బావి దగ్గర ఎవరుంటారు? రారని తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోదు.

ఎండకు ఇంకా రెండు రోజులు. నీరు పన్నెండున్నర.

కోత, కోత, కోత. కాకరకాయలు గింజ తీసి పులిసిన గంజిలో ఉప్పూ పసుపూ వేసి నానబెట్టాను. గోరుచిక్కుడు ఒక పొంగు ఉడికించి వార్చాను. మిరపకాయలకు గాటు పెట్టి ఆ గంజిలోనే వేశాను. దొండకాయలు చక్రాలు. కత్తిపీట మీద కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది.

పెంచలయ్య అన్న రోజూ పలుకుతున్నాడు. ఎండ ఊసు ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు, తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఇవాళ పెద్దకోడలు ఏమందో, చిన్నకోడలు ఏమందో ఏదీ చెప్పలేదు. "కాయలు పండిపోతా ఉండాయి" అని మాత్రం అన్నాడు.

ఎండ, మొదటి రోజు. నీరు పన్నెండు.

ఏడింటికి తెర విడింది. ఆ వెలుగు ఎన్నిసార్లు చూసినా కళ్లు తట్టుకోవు. మిద్దె అరగంటలో పెనంలా కాలింది. తొమ్మిదికల్లా ఏడు మిద్దెల మీదా గుడ్డలు పరిచి ముక్కలు ఆరబోశాను. ఒక మిద్దె దిగి ఇంకో మిద్దె ఎక్కేసరికి ముందు మిద్దె మీద తిరగేసే వేళవుతుంది. చెమటలో ఉప్పు ముక్కల్లో ఉప్పు కన్నా ఎక్కువైంది.

పదింటికి రేడియో పలికింది. వినపడనట్టు ఊరుకుందామనుకున్నాను. వెళ్లి తీశాను.

"సలోమమ్మా, ఎండ ఎట్టుండాది?" ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఊరికే అడిగాడు, మిఠాయి తినేవాణ్ణి రుచెట్టుందని పసివాడు అడిగినట్టు. "ఇంత దూరం నుంచి మీ దిక్కు తెల్లగా అగపడతా ఉండాది. బాగా కాస్తా ఉండాదా?"

గుడ్డల మీద ఎవరి కోసమో తెలియని తిండి ఎండుతోంది, అక్కడ తినే నోళ్లు తొమ్మిది. కోటమ్మ పెద్దమ్మ నాకు మడి చూసుకోమంది గానీ, పసిపిల్లల నోటి దగ్గర కూడు లాక్కోమనలేదు.

"అన్నా, చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. మీ మిట్ట మీద ఖాళీ మిద్దెలున్నయ్యా?"

"ఉం... ఉండాయి."

"మనిషికో గుడ్డ లెక్కన తొమ్మిది మిద్దెల మీద తొమ్మిది గుడ్డలు పరవండి. పన్నెండు లోపల. మీ ఇంట్లో అందర్నీ తలా ఒక మిద్దె ఎక్కమనండి, బేగి అయిపోద్ది."

"తొమ్మిదా... అట్టనేమ్మా" అన్నాడు.

రేడియో పెట్టేసి మిద్దెలెక్కాను. కోటమ్మ పెద్దమ్మ చీర ముందు మడిచాను, ముక్కలతో సహా మూటగట్టి. తర్వాత మిగతా అయిదూ. ఒక్కో మూట దించుతుంటే ఆ ఇల్లు అప్పుడే ఖాళీ అయినట్టు అనిపించింది. ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేముంది, చూసేవాళ్లెవరని?

పన్నెండింటికి కన్ను దాటింది. మూడో మిట్ట మీద ఒకటే గుడ్డ, నాది. సాయంత్రం అయిదింటికి నా నెత్తిన తెర మూసుకుంది.

ఎండ, రెండో రోజు. ఎండ నాది కాదు. నీరు పన్నెండు.

ఆఫీసు నుంచి కబురు వచ్చింది. మిట్టను జాబితా నుంచి తీసేశారు. పదో రోజున తీగ బండి వస్తుంది, సామాను సర్దుకోవాలి. సగం ఎండిన ముక్కలు మూటల్లో చెమర్చి పుల్లవాసన వేస్తున్నాయి.

పని లేని ఎండరోజు నాకు ఇదే మొదటిది. ఇదివరకు రెండు మిట్టలకూ ఒకేసారి ఎండ వచ్చేది, తలెత్తి అవతలికి చూసే తీరిక ఎవరికుంది? మామూలు రోజుల్లో లోయ నిండా మసకే. ఇవాళ నేను బూడిదరంగులో కూర్చుంటే నాలుగో మిట్ట పళ్లెంలో పెట్టినట్టు మెరిసిపోతోంది. పంపు గదిలో పాత దుర్భిణి ఉంది, తెచ్చుకున్నాను. తొమ్మిది గుడ్డలూ ఉన్నాయి. కోడళ్లను చూద్దామనిపించింది. చక్రాలామె ఎవరో, నిలువామె ఎవరో పోల్చుకోవాలని.

మొదటి మిద్దె మీద తలపాగా చుట్టుకున్న మనిషి ముక్కలు తిరగేస్తున్నాడు. దిగాడు. నిచ్చెన తీసి భుజాన వేసుకున్నాడు. రెండో ఇంటికి ఆనించాడు. ఎక్కాడు, తిరగేశాడు, దిగాడు, మళ్లీ నిచ్చెన భుజానికెత్తాడు. మూడో ఇల్లు. నాలుగో ఇల్లు. తొమ్మిదో మిద్దె దాకా దుర్భిణి దించకుండా చూశాను. చివరిది అయ్యాక మొదటి ఇంటి దగ్గరికి వచ్చి, నిచ్చెన పక్కన కూర్చుని, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇంకో మనిషి లేదు. పొయ్యి పొగ లేదు. పిల్లలు లేరు.

నాకు ఆ పని తెలుసు. ఆ నడక నాదే.

రేడియో దగ్గరికి వెళ్లి పిలిచాను. ఎగపోసుకుంటూ వచ్చి పలికాడు.

"అన్నా, దొండకాయలు చక్రాలా, నిలువా?"

"ఏందమ్మా ఇప్పుడు..."

"చెప్పండి. కోడళ్లలో ఎవరు గెలిచారు?"

"పెద్దకోడలూ నేనే తల్లీ, చిన్నకోడలూ నేనే" అన్నాడు. "మా ఆడమనిషి పోయి ఆరేళ్లాయె. పిలకాయలు సంసారాలతో పట్నం దిగిపోయినారు. ఒంటిగాణ్ణని చెప్తే నువ్వు జాలిపడి మాట్లాడతావేమోనని... జాలి కోసం మాట్లాడించుకున్నట్టు ఉంటాదని..."

"నేనూ ఒక్కదాన్నే అన్నా. ఏడిళ్లల్లో ఆరు ఖాళీ. ఆ రోజు మీరు జాగా అడిగితే లేదన్నాను చూడండి, అన్ని మిద్దెలూ నా చేతిలోనే ఉన్నయ్."

తిడతాడనుకున్నాను. తిట్టాల్సినదే.

"మరి నీ ముక్కలో?" అన్నాడు.

"మూటల్లో ఉన్నయ్. పులుస్తన్నయ్."

"ఎండ రేప్పొద్దుగూకే దాకా ఉండాది. ఇక్కడ తొమ్మిది మిద్దెలుండాయి, ప్రతి గుడ్డ మీదా సగం జాగా ఒట్టిదే, కన్ను కోసం పలచగా పరిచినా. తెల్లారతానే మూటలెత్తుకోని రా. వాగు కాడికి నేనెదురొస్తా."

ఎండ, మూడో రోజు. నాలుగో మిట్ట. నీరు ఎంతో తెలియదు, ఈ బావి నాది కాదు.

మోయగలిగినవి నాలుగు మూటలే తెచ్చాను. రెండు వాగు దగ్గర ఆయన తీసుకున్నాడు. నేననుకున్నంత ముసలివాడు కాదు, గొంతుకన్నా మనిషి చిన్నగా ఉన్నాడు. దారి పొడుగునా ఆయన ముందు, నేను వెనక. నాలుగేళ్లలో ఒక్క పొద్దు కూడా నోరు మూసుకోని ఇద్దరం, ఎదురుపడేసరికి ఒక్క మాట ఆడలేదు.

పదకొండు దాటాక చేరాం. ఆయన గుడ్డల మీద ఒట్టి జాగాలో నా కాకర ముక్కలూ దొండ చక్రాలూ పోశాం. కోటమ్మ పెద్దమ్మ మడిలోవి ఎవరో ఊరుపేరు తెలియనివాళ్ల మిద్దె మీద పడ్డాయి. పురుగు పడితే పడనీ. పన్నెండింటికి కన్ను దాటుతుంటే ఇద్దరం తలెత్తి చూశాం. ఆ కన్నుకు తొమ్మిది కుటుంబాలు కనపడి ఉంటాయి.

పదో రోజున నా కోసం వచ్చే తీగ బండి సంగతి ఇంకా మాట్లాడుకోలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మిద్దె నీడన కూర్చున్నాం. ఆయన నేలకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లు కావాల్నా?" అన్నాడు.

ఏళ్లుగా ఏడు మడులకు నీళ్లు తోడుతున్నాను. నాకు కావాలా అని అడిగినవాళ్లు ఈ రెండేళ్లలో ఒక్కరూ లేరు. కావాలన్నాను.